లేని భుజంనొప్పి

పడవ మీదనుంచి,
పొద్దున్నే, గాలి పడిపోయిన వేళ.

పూజ్యులైన అత్తయ్యగారి పాదాలకు నమస్కరించి మీ పెద్దకోడలు రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరమూ, పడవా, మీరు నాకిచ్చిన చేతి కుట్టుమిషనూ క్షేమం. అక్కడ మీరూ, మరిదిగారూ, తోడికోడలూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. క్షేమం అని రాశానేగానీ, ఈసారి ఆ మాట పక్కన ఒక ‘కానీ’ ఉంది. దాన్ని చివర రాస్తాను. మీరు కంగారుపడి ఆఖరి పేజీకి పరుగెత్తకండి. మీ సంగతి నాకు తెలియదా? మీ కుట్టు షాపులో కొత్త డిజైన్ల పుస్తకం వస్తే వెనకనుంచే తిప్పేవారు. ప్రాణాలకేమీ భయం లేదు, అది ముందే చెప్పేస్తున్నాను. నెమ్మదిగా, వరసగా చదవండి.

మీ ఉత్తరం అందేసరికి మేము ఆ దీవి వదిలి ఇంకో దీవికి వచ్చేశాం. రేవు గుమాస్తా పాపం దాన్ని దాచిపెట్టి, ఇటు వచ్చే సరుకుల పడవతో పంపించాడు. కవరంతా చేపల వాసన. అయినా ఇద్దరం గుంజుకుని మరీ చదువుకున్నాం.

నీళ్ళ సంగతి అడిగారు. మాకు వానే కుళాయి. మబ్బు పట్టగానే పడవ మీద ఒక పెద్ద టార్పాలిన్ పట్టా కట్టి, నడుమ పల్లంగా వదిలి, అక్కడ పడిన నీళ్ళను గొట్టంతో డబ్బాల్లోకి పడతాం. స్నానాలూ అప్పుడే. మొన్న చినుకులు మొదలవగానే మీ అబ్బాయి సబ్బు పట్టుకుని బయటికి పరుగెత్తారు. ఒళ్ళంతా నురగ పట్టించుకున్నాక వాన ఠక్కున ఆగిపోయింది. ఆయన ఆకాశంకేసి చూస్తూ, కళ్ళు మండుతున్నాయని ఎగురుతూ, “తాగే నీళ్ళు ఒక చెంబు పొయ్యవే!” అని ఒకటే గోల. నేను పొయ్యలేదు. ఇంకో మబ్బు వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. నన్ను రాక్షసి అనుకోకండి, ఇక్కడ తాగే నీళ్ళంటే అంత.

మిషను తుప్పు పట్టిందా అన్నారు. పట్టనిస్తానా? రోజూ నూనె వేసి, పాత దుప్పటి చుట్టి, నా తలగడ పక్కనే పెట్టుకుంటాను. ఇక్కడి ఎండకు తెరచాపల కుట్లు పుచ్చిపోతాయి. ఈ రేవులో లంగరు వేసిన పడవలవాళ్ళంతా చిరిగిన గుడ్డలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. జాకెట్టు చంక సరిగ్గా కుట్టలేదని మీతో చీవాట్లు తిన్న పిల్ల ఇవాళ ఇల్లంత తెరచాపలు కుడుతోంది. ఆయన వాళ్ళ ఇంజన్లు బాగుచేస్తారు. అలా మా రోజులు గడిచిపోతున్నాయి.

ఇక మూడో ప్రశ్న. “పెద్దోడు ప్రతి ఉత్తరం అడుగునా నాలుగు ముక్కలు రాసేవాడు, ఈమధ్య మానేశాడేం? నామీద కోపమా?” అని అడిగారు. నాలుగోది ప్రశ్న కాదు, నాకు మీరు చూపించిన దారి. “నీకు ఒడ్డున ఉండాలని ఉందని నాకు తెలుసు. వచ్చెయ్యరా అని నేనొక్క ముక్క రాస్తే వాడు మారు మాట్లాడకుండా వచ్చేస్తాడు. రాయమంటావా?” అన్నారు.

అది చదివి చాలాసేపు కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఉద్యోగం మానేసి ఈ పడవ కొన్నరోజున మీరూ నేనూ ఒక జట్టు, ఆయనొక్కరే ఒక జట్టు. ఇప్పటికీ నాకు కదలని నేల కావాలి. పెట్టిన గిన్నె పెట్టినచోటే ఉండే వంటగది కావాలి. తలుపు వేసుకుంటే గాలి ఏ దిక్కునుంచి వీస్తోందో తెలియని గది కావాలి. ఇవన్నీ మీకు చెప్పుకున్నవే. అందుకే మీరు ఆ మాట రాశారు. ఆ మూడో ప్రశ్నకీ, ఈ నాలుగో మాటకీ జవాబు ఒకటే. మొదటినుంచీ చెప్పుకొస్తాను.

ఈ దీవుల చుట్టూ నీళ్ళకింద పగడపు దిబ్బలుంటాయి. లోపల అలలు లేని చోటికి వెళ్ళి ఆగాలంటే ఆ దిబ్బల మధ్య సందులోంచి దూరాలి. మ్యాపులున్నా, దారి చూపే మిషన్లున్నా, చివరికి మనిషి కళ్ళే గతి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఒకరు పడవ ముక్కున నిలబడి నీళ్ళ రంగు చూసుకుంటూ దారి చెప్పాలి. ముదురు నీలమైతే లోతు, ఆకుపచ్చయితే ఫరవాలేదు, గోధుమరంగు మచ్చ కనపడిందా, అక్కడ దిబ్బ ఉన్నట్టే. ఇన్నేళ్ళూ ముక్కున నిలబడేది ఆయన, వెనక చుక్కాని పట్టేది నేను. మొదట్లో ఆయన అక్కణ్ణుంచి అరిచేవారు, నేను ఇక్కణ్ణుంచి అరిచేదాన్ని. “ఎడమకీ!” “ఎంత ఎడమకీ?” “ఎడమకంటే ఎడమకే, నీ మొహంలా!” అని. చుట్టుపక్కల పడవలవాళ్ళు టీ కప్పులు పట్టుకుని బయటికొచ్చి చూసేవారు. మొగుడూ పెళ్ళాల పోట్లాట ఊరికే దొరికితే ఎవరు వదులుకుంటారు? ఆ పరువు తక్కువ భరించలేక సైగల్లోకి దిగాం. ఆయన ఏ చెయ్యి చాపితే అటు తిప్పాలి, రెండూ పైకెత్తితే తిన్నగా పోవాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. మా కాపురంలో నేను ఎదురుప్రశ్న వెయ్యకుండా ఆయన మాట విన్న చోటు అదొక్కటే.

ఈమధ్య ఆయన టీ గ్లాసులు తన్నేస్తూ ఉండేవారు. ఎడమ పక్కన పెట్టినవే. “కళ్ళు నెత్తికెక్కాయా?” అని కసిరేదాన్ని. కింద గదిలోకి దిగేటప్పుడు ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకునేవారు. ఎప్పుడూ ఏదో ఒక గీరుడో, కమిలిన మచ్చో. పరధ్యానం అనుకున్నాను. ఈ మనిషికి ఇంజను శబ్దం తప్ప ఇంకేమీ పట్టదు కదా అని సరిపెట్టుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఒక సందులోకి వస్తున్నాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆయన రెండు చేతులూ పైకెత్తారు, తిన్నగా పొమ్మని. పోనిచ్చాను. మరుక్షణం పడవ కింద గరగరమని చప్పుడు. పడవంతా ఒకసారి పైకి లేచి, పక్కకు ఒరిగి, మళ్ళీ దిగింది. అదృష్టం బాగుండి జారి బయటపడ్డాం. తలతిప్పి చూస్తే ఎడమ పక్కన మంచమంత గోధుమరంగు దిబ్బ. ఆయన ముందునుంచే వెళ్ళింది. పసిపిల్లకైనా కనపడుతుంది.

లంగరు వేశాక ఆయన నీళ్ళలోకి దూకి పడవ అడుగు చూసి వచ్చారు. కన్నం పడలేదు, రంగు లేచిపోయి చెక్కు ఊడిందంతే. పైకి వచ్చి, “నీ తప్పేం లేదులే. కింద నీటివాలు తోసేసింది” అన్నారు. నన్ను ఓదారుస్తున్నారు అత్తయ్యా! వాలూ లేదు, వంకా లేదు. ఆయన మొహంలో భయం చూశాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మొహాన్ని అలా ఎప్పుడూ చూడలేదు. దిబ్బ ఆయనకు కనపడలేదని నాకప్పుడు తెలిసిపోయింది. అడగడానికి నోరు రాలేదు. అడిగితే అది నిజమైపోతుందేమోనన్న పిచ్చి భయం.

మర్నాడు బయల్దేరబోతుంటే, “అబ్బా, నా భుజం పట్టేసిందండీ. చుక్కాని పట్టలేను. మీరు పట్టండి, నేను ముందుకెళ్ళి చేతులూపుతాను” అన్నాను. నా జన్మలో అంత చక్కగా నటించి ఎరగను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అంత వెంటనే ఒప్పుకోవడమే నన్ను ఏడిపించింది. ముక్కున నిలబడి ఆయనకు వీపు చూపించి ఏడిచాను, గాలికి కళ్ళు తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాను.

నీళ్ళ రంగులు పట్టడం నాకు తొందరగానే వచ్చింది. అది మీ చలవే. దారం రంగు కలపమంటే గుడ్డ పట్టుకుని వాకిట్లోకి నడిపించి, “దీపం వెలుగుని నమ్మకు, ఎండలో చూడు” అనేవారు కదా. మీ దగ్గర అన్ని ఆకుపచ్చలు చూసినదానికి ఈ సముద్రం ఒక లెక్కా?

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ మీ అబ్బాయి నా భుజాన్ని వదిలితేగా! సాయంత్రమయ్యేసరికి వేడినీళ్ళ సీసా, నూనె పట్టుకుని తయారు. ఇంజన్లు విప్పే చేతులతో ఆ మర్దనా ఏమని చెప్పను, లేని నొప్పి నిజంగానే వచ్చింది. పైగా ఏ భుజం నొప్పన్నానో నాకే గుర్తుండేది కాదు. బరువు ఎత్తనివ్వరు, లంగరు గొలుసు ముట్టుకోనివ్వరు. ఒకరోజు పక్క పడవ ఆసామితో అంటుంటే విన్నాను. “మా ఆవిడ భుజం పాడైపోయిందండీ. ఇంకా దాన్ని ఈ పడవలో తిప్పడం పాపం. ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్పండి.”

మీ దగ్గర దాచనక్కర్లేదు. ఆ మాట విన్నప్పుడు ముందు నాకు సంతోషం కలిగింది. ఇన్నాళ్ళకు నేల, ఇన్నాళ్ళకు ఇల్లు! ఆ తర్వాత నామీద నాకే ఒళ్ళు మండింది. ఆయన కళ్ళను కాపాడటానికి నేను భుజాన్ని అడ్డం పెడితే, ఆ భుజాన్ని కాపాడటానికి ఆయన తన ప్రాణంలాంటి పడవని అమ్మేస్తున్నారు.

అమ్మేముందు నన్ను పెద్ద దీవిలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నేను వద్దంటే వినలేదు. ఎముకల డాక్టరు కుర్రవాడు, గొంతు మాత్రం మైకులా ఉంది. చెయ్యి ఎత్తించాడు, తిప్పించాడు, వెనక్కి విరిచాడు. “ఈ భుజానికేమైందమ్మా? దీంతో మీరు నన్ను ఎత్తి అవతల పారెయ్యగలరు” అన్నాడు.

“కుడిది కాదు డాక్టరుగారూ, ఎడమది” అన్నారు మీ అబ్బాయి.

“ఆవిడ కుడిదన్నారే!”

నాలుక్కరుచుకున్నాను. ఆయన నావంక ఒక చూపు చూశారు. డాక్టరుకి దణ్ణం పెట్టి బయటికొచ్చాం. వరండాలో ఒక బల్ల, ఎదురుగా మందుల కోసం నిలబడ్డ జనం. కూర్చోగానే, “ఎందుకు అబద్ధమాడావు?” అన్నారు.

“మీరు ఆ దిబ్బని చూడలేదు” అన్నాను.

ఆయన మందుల వరసకేసి చూస్తూ చిన్నగా, “ఎప్పట్నుంచి తెలుసు?” అన్నారు.

“దిబ్బ తగిలినప్పట్నుంచి. మీకో?”

“అంతకు చాలా ముందే. ఎడమ పక్కంతా పొగమంచులా ఉంటుంది. నువ్వు అటు కూర్చుంటే గొంతు వినపడుతుంది, నువ్వు ఉండవు. చెప్తే నువ్వు భయపడతావు, వెంటనే ఒడ్డుకి పోదామంటావు.”

“భుజం నొప్పని నమ్మి పడవనే అమ్మెయ్యబోయారు, బుద్ధుందా మీకు?”

“నువ్వు రోజూ అన్ని మూలుగులు మూలిగితే నమ్మక చస్తానా?”

అత్తయ్యా, అక్కడే, అంతమంది జనం మధ్య, ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నేను ఏడ్చేశాను. మందుల వరసలో ఒక పెద్దావిడ నాకు తన సీసాలో నీళ్ళిచ్చింది. ఆ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని అదే వరండా చివర ఉన్న కళ్ళ డాక్టరమ్మ గదిలోకి లాక్కెళ్ళాను.

ఆవిడ ఏవేవో యంత్రాల్లో చూసింది. చివరికి ఎదురుగా కూర్చుని, “నా ముక్కువైపే చూడండి. పక్కనుంచి నా వేళ్ళు కనపడగానే చెప్పండి” అంది. ఎడమ పక్కనుంచి వేళ్ళు ఆడిస్తూ మెల్లగా లోపలికి తెస్తోంది. ఆయన చెప్పరు. ఇంకా దగ్గరికి తెచ్చింది. ఆయన చెప్పరు. ‘అదుగోనండీ, చెప్పండీ’ అని అరవాలనిపించింది. కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

గ్లాకోమా అంది. మనవాళ్ళు నీటికాసులంటారు, అదే. పోయిన చూపు తిరిగి రాదట. ఉన్నదాన్ని మాత్రం రోజూ చుక్కల మందు వేస్తూ, కొన్ని నెలలకొకసారి చూపించుకుంటూ చాలాకాలం నిలబెట్టుకోవచ్చట. మధ్య చూపు ఆయనకు ఇంకా బాగానే ఉంది, చదువుతారు, రాస్తారు. అయితే ఇది కుటుంబాల్లో నడుస్తుందట. “అన్నదమ్ములున్నారా? ఉంటే వెంటనే పరీక్ష చేయించుకోమనండి” అంది.

ఇదే నేను దాచుకొచ్చిన ‘కానీ’. ఇక కోపం సంగతి. పడవకి తిరిగొచ్చాక నేనే అడిగాను, అత్తయ్యకి ఎందుకు రాయడం లేదని. “బాగున్నానమ్మా అని అబద్ధం రాయలేను. బాగాలేనని రాసి ఆవిణ్ణి ఏడిపించలేను. అందుకని మానేశాను” అన్నారు. నాతో ఎన్ని అబద్ధాలైనా ఆడతారు, మీతో ఒక్కటి ఆడలేరు. కోపమా అని అడిగారు కదా, అదండీ ఆ కోపం.

“అమ్మకి ఇప్పుడే చెప్పకు” అన్నారు మొదట. సరేనన్నాను. కానీ మీ ఉత్తరంలో ఒక సంగతి ఉంది. మరిదిగారు తను నడిపే బడి బస్సుని గేటుకి గీకించేశారనీ, గేటే అడ్డం వచ్చిందని వాదించారనీ మీరు నవ్వుతూ రాశారు. ఆ ముక్క దగ్గర ఆయన చదవడం ఆపేశారు. ఇద్దరికీ నవ్వు రాలేదు. కాసేపటికి ఆయనే, “వాడు రోజూ పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాడు. రాయి. అంతా రాయి” అన్నారు. గేటు తప్పే అయ్యుండొచ్చు. అలాగే కావాలని దణ్ణం పెట్టుకుంటున్నాను. అయినా ఈ ఉత్తరం అందినరోజే మరిదిగార్ని కళ్ళ డాక్టరు దగ్గరికి పంపండి. ఆయన నవ్వినా, విసుక్కున్నా, పని ఉందన్నా వినకండి. చెవి పట్టుకుని తీసుకెళ్ళండి. మీరూ చూపించుకోండి.

ఇప్పుడు మా పద్ధతి ఇలా ఉంది. ముక్కున నేను, చుక్కాని దగ్గర ఆయన. నేను చెయ్యి చాపితే ఆయన తిప్పుతారు, ఎదురుప్రశ్న లేకుండా. పగలు తప్ప ప్రయాణం లేదు. కళ్ళ డాక్టరమ్మ ఉన్న దీవికి ఒకరోజు ప్రయాణం కంటే దూరం పోకూడదని ఒట్టు పెట్టించుకున్నాను. పొద్దునా సాయంత్రం మందు నేనే వేస్తాను. సబ్బు నురగకి ఎగిరినట్టే దీనికీ ఎగురుతారు. పడవ కొనడానికి ఒకాయన వస్తే, “మా ఆవిడ భుజం బాగానే ఉందటండీ, ఇంకెందుకు అమ్మడం?” అని పంపించేశారు.

కానీ నాతో ఒక మాట అన్నారు. “నువ్వు దిగిపోదామంటే పోట్లాడతాను. అమ్మ రమ్మంటే మాత్రం వెళ్ళిపోదాం.” ఈ ఉత్తరం నేనిక్కడితో ఆపేయొచ్చు. ఆపేస్తే, ఆయన కళ్ళ సంగతి విని మీరు తప్పకుండా రమ్మంటారు, నాకు నా ఇల్లు వస్తుంది.

అత్తయ్యా, రమ్మనకండి.

నాకు ఆ వంటగది మీద ఆశ చావలేదు, త్యాగం చేస్తున్నానని అనుకోకండి. ఈ పడవలో ప్రతి తాడూ, ప్రతి మేకూ ఆయన చేతికి తెలుసు. గాలి మెడ మీద ఎక్కడ తగిలిందో చూసుకుని చుక్కాని తిప్పుతారు, దానికి ఎడమ పక్క చూపుతో పని లేదు. ఇక్కడ ఆయన ఇంకా ఇంజన్లు విప్పుతున్నారు, పాడుతున్నారు, నాతో పోట్లాడుతున్నారు. అక్కడికొస్తే రోడ్డు దాటనివ్వం. నేనూ మీరూ కలిసి ప్రేమతోనే ఒక కుర్చీలో కూర్చోబెట్టేస్తాం. కనపడే కళ్ళు ఉండగానే ఆయన్ని గుడ్డివాణ్ణి చేసేస్తాం. భయం లేదా అంటారా? ఉంది. నేను ముందు నిలబడి దారి చూపించలేని రోజు వస్తే, ఆ రోజు నేనే వెంటబెట్టుకుని తీసుకొస్తాను. మీరు పిలవనక్కర్లేదు. అంతవరకూ ఆయన్ని నాకు వదిలెయ్యండి.

ఇది చదివి మీరు ఏడుస్తారని తెలుసు. ఏడవండి. ఏడ్చాక ఆయనకి విడిగా ఒక ఉత్తరం రాయండి. అబద్ధం దాచినందుకు తిట్టండి, నన్ను కూడా కలిపి తిట్టండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. కాగితం తీయగానే మీ చెయ్యి పెద్ద పెద్ద అక్షరాలు రాయబోతుంది. వద్దు. ఎప్పటిలాగే, చీమలు బారులు తీరినట్టుండే మీ రాతతోనే రాయండి. ఆయన వెలుతుర్లో కూర్చుని, తనే చదువుకుంటారు.

ఇట్లు,
మీ దగ్గర పని నేర్చుకుని, మీమాట కాదని ఈ ఒక్కటీ అడుగుతున్న
మీ పెద్దకోడలు.